అన్ని మేజర్ల పిల్లలకీ ఒకే ఫిజిక్స్ పేపరు: ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి?

నాగావళి_గట్టు:
అందరికీ నమస్కారం. శ్రీకాకుళం దగ్గర ఒక అటానమస్ డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాను. వచ్చే ఏడాది ఫస్ట్ సెమిస్టర్‌కి ఒక ఫిజిక్స్ పేపరు తయారుచెయ్యమని మా బోర్డ్ ఆఫ్ స్టడీస్ నా నెత్తిన పెట్టింది. ఇది ఫిజిక్స్ మేజర్ వాళ్ళ పేపరు కాదు, అందరూ కలిసి కూర్చునే పేపరు. ఒకే గదిలో మైక్రోబయాలజీ, ఆక్వా, బోటనీ, కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్, ఓ మూల బెంచీలో ముగ్గురు నలుగురు ఫిజిక్స్ మేజర్లు. సగం మంది బైపీసీ నుంచి వచ్చినవాళ్ళు, అంటే పదో తరగతి తర్వాత లెక్కల జోలికి పోలేదు. మిగతా సగం ఎంపీసీయే గానీ, ఫార్ములాలో అంకెలు వేసి ఆప్షన్ టిక్కు పెట్టడం తప్ప, ఈ గ్రాఫ్ ఏం చెప్తోందమ్మా అంటే నోరు విప్పరు.

2023-24లో సింగిల్ మేజర్ వచ్చినప్పుడు మొదటి సెమిస్టర్‌లో పెట్టిన ఎసెన్షియల్స్ అండ్ అప్లికేషన్స్ పేపరు ఇక్కడ చాలామంది చెప్పే ఉంటారు. లెక్కలు కొంచెం, ఫిజిక్స్ కొంచెం, కెమిస్ట్రీ కొంచెం. అన్నీ విస్తట్లో వడ్డించారు గానీ ఏదీ కడుపు నింపలేదని నా అభిప్రాయం. మళ్ళీ అదే పని నేను చెయ్యదలుచుకోలేదు.

వారానికి మూడు క్లాసులు, ఒక ల్యాబు. ఏం ఉంచాలి, ఏం తీసెయ్యాలి? కాలిక్యులస్ లేకుండా చెప్పొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

మూడులాంతర్ల_మాస్టారు:
బాబూ, మొహమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నాను. విజయనగరంలో చాలా ఏళ్ళు చెప్పి రిటైరైనవాణ్ణి. మా రోజుల్లో ఎంపీసీ ఒక గది, బీజెడ్‌సీ ఇంకో గది, మధ్యలో గోడ. ఆ గోడ మంచిదని అనను గానీ, గోడ కూల్చిన వాళ్ళు చేసిందేమిటంటే ఫిజిక్స్‌ని జనరల్ నాలెడ్జ్ చేసేశారు. ఎక్స్‌రే ఎవరు కనిపెట్టారు, లేజర్ ఉపయోగాలు ఐదు రాయండి, సోలార్ సెల్ బొమ్మ గీయండి. ఇదా ఫిజిక్స్? సూత్రం ఎక్కడి నుంచి పుట్టిందో తెలియనివాడికి అది ఎక్కడ పనిచెయ్యదో కూడా తెలియదు. డెరివేషన్ తీసేస్తే నా ఓటు లేదు.

ఇంజనీరింగ్_ఫిజిక్స్:
మాస్టారూ, మీ బాధ మాకూ ఉంది, కాకపోతే వేరే రకంగా. నేను విజయనగరం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్ ఫిజిక్స్ చెప్తాను. 2023లో వచ్చిన ఆర్23 సిలబస్‌లో ఇంజనీరింగ్ ఫిజిక్స్ ఎలా ఉందంటే: వేవ్ ఆప్టిక్స్, క్రిస్టలోగ్రఫీ, డైఎలక్ట్రిక్ – మాగ్నెటిక్ మెటీరియల్స్, క్వాంటమ్ మెకానిక్స్, సెమీకండక్టర్లు. అన్నీ పెద్ద విషయాలే, డెరివేషన్లు కూడా దండిగా ఉన్నాయి. కానీ సివిల్ కుర్రాడు హాల్ ఎఫెక్ట్ డెరివేషన్ బట్టీ పట్టి పది మార్కులు తెచ్చుకుంటాడు, వాడికి జీవితాంతం కావలసిన బలాలూ టార్కూ మళ్ళీ మెకానికల్ డిపార్ట్‌మెంట్ వాళ్ళు మొదట్నుంచి చెప్పుకోవాలి. అంటే డెరివేషన్ ఉన్నంత మాత్రాన ఫిజిక్స్ వచ్చినట్టు కాదు. అది కూడా బట్టీకి లొంగుతుంది. న్యూటన్ రింగ్స్ ల్యాబులో రింగు వ్యాసం వర్గానికీ రింగు నంబరుకీ సరళరేఖ ఎందుకు వస్తుందో అడగండి, పదిమందిలో ఒక్కడు చెప్తే అదృష్టం.

నాగావళి_గట్టు గారికి నా సలహా ఒక్కటే: మీ కాలేజీలో ఎవరు ఏ ఫిజిక్స్ వాడతారో ముందు ఆ డిపార్ట్‌మెంట్లకి వెళ్ళి అడగండి. సిలబస్ మన గదిలో కూర్చుని రాస్తే ఇలాగే ఉంటుంది.

కొత్తవలస_కోడ్:
బీసీఏ, కంప్యూటర్స్ చెప్పేవాణ్ణి. మమ్మల్ని అడిగితే సెమీకండక్టర్లు, లాజిక్ గేట్లు అంటామని అందరూ అనుకుంటారు. అక్కర్లేదండీ, అవి మేమే చెప్పుకుంటాం. మా పిల్లలకి రానిది వేరే ఉంది: ఒక పరిమాణం కాలంతో మారుతుంటే దాన్ని అడుగడుగునా లెక్కవేసుకుంటూ వెళ్ళడం. గేమ్‌లో బంతి పడటం దగ్గర్నుంచి సిమ్యులేషన్ దాకా అన్నిటికీ అదే కావాలి.

సెంట్రిఫ్యూజ్_అమ్మాయి:
నేను టీచర్ని కాదు, ఈ చర్చలో మాట్లాడొచ్చో లేదో. బైపీసీ, తర్వాత మైక్రోబయాలజీ చదివి ఇప్పుడు పైడిభీమవరం వైపు ఫార్మాలో క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేస్తున్నాను. డిగ్రీలో నాకు ఫిజిక్స్ లేదు, లేదని అప్పట్లో సంబరపడ్డాను కూడా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ప్రొసీజర్ కాగితంలో శాంపుల్‌ని సెంట్రిఫ్యూజ్‌లో పెట్టి 1000 జీ దగ్గర, అంటే భూమి ఆకర్షణకి వెయ్యి రెట్లతో, తిప్పమని ఉంది. మెషీన్ మీద చూస్తే ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు) తప్ప జీ లేదు. పక్కన సీనియర్ అక్క గోడ మీద అంటించిన టేబుల్ చూసి 3000 పెట్టమంది, పెట్టాను. కొన్నాళ్ళకి ఆ మెషీన్ పాడై వేరే మెషీన్ తెచ్చారు, దాని రోటర్ పెద్దది. అక్కడా 3000 పెట్టబోతే ఆపేశారు. ఎందుకు ఆపారో అప్పుడు అర్థం కాలేదు. ఆ రాత్రి హాస్టల్లో కూర్చుని లెక్కవేసుకుంటే తేలింది, నిమిషానికి 3000 అంటే సెకనుకి 50 చుట్లు, ఒమేగా, అంటే కోణీయ వేగం, దాదాపు 314, దాని వర్గాన్ని 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గుణిస్తే సెకను వర్గానికి 9870 మీటర్లు, 9.8తో భాగిస్తే సుమారు వెయ్యి. వ్యాసార్థం మారితే జీ మారిపోతుంది. ఇంతే లెక్క. దీనికి కాలిక్యులస్ అక్కర్లేదు, కానీ ఇది నాకు ఎవరూ చెప్పలేదు.

కాబట్టి సర్, వృత్తాకార చలనం తీసెయ్యకండి. రాయి కట్టి తిప్పే దారం బొమ్మ బదులు సెంట్రిఫ్యూజ్ ట్యూబు బొమ్మ వెయ్యండి చాలు.

నాగావళి_గట్టు:
అమ్మా, మీరు తప్పకుండా మాట్లాడాలి, ఇలాంటి మాట కోసమే అడిగాను. ఇది రేపే నోట్సులోకి వెళ్తుంది. మాస్టారూ, ఇందులో డెరివేషన్ ఉందా లేదా చెప్పండి. త్వరణం ఒమేగా వర్గం ఇంటూ ఆర్ అని ఎలా వచ్చిందో చెప్తాను, కానీ డిఫరెన్షియేషన్ చేసి కాదు, చిన్న త్రిభుజం గీసి.

మూడులాంతర్ల_మాస్టారు:
త్రిభుజం గీసి చెప్తే అది డెరివేషనే. అభ్యంతరం లేదు. అమ్మాయి లెక్క శుభ్రంగా ఉంది. ఫిజిక్స్ లేదని సంబరపడిన పిల్ల ఇంత బాగా లెక్క వేసిందంటే, ఉండి ఉంటే ఏం చేసేదో.

డెట్రాయిట్_చీపురుపల్లి:
చీపురుపల్లి నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో ఒక యూనివర్సిటీలో టీచింగ్ అసిస్టెంటుగా ఉన్నాను. ఈ గొడవ ఇక్కడ చాలా పాతది. మామూలుగా రెండు కోర్సులుంటాయి: ఇంజనీర్లకీ ఫిజిక్స్ వాళ్ళకీ కాలిక్యులస్‌తో, డాక్టరు చదువుకి వెళ్ళేవాళ్ళకీ బయాలజీ వాళ్ళకీ ఆల్జీబ్రాతో. చాలాకాలం ఆ రెండోది మొదటిదానికి పలచన చేసిన కాపీ. అవే వాలుతలాలు, అవే కప్పీలు, కాలిక్యులస్ మాత్రం ఉండదు. 2009లో మెడికల్ కాలేజీల సంఘం, హోవర్డ్ హ్యూస్ సంస్థ కలిసి డాక్టరు కాబోయేవాడికి ఏ సైన్సు ఎంత రావాలో రిపోర్టు ఇచ్చాక జనం గట్టిగా కదిలారు. మేరీల్యాండ్ యూనివర్సిటీలో జో రెడిష్ బృందం నెక్సస్ ఫిజిక్స్ అని జీవశాస్త్రం పిల్లల కోసమే ఒక కోర్సు కట్టింది. అందులో ప్రక్షేపకాలకి ప్రాధాన్యం తగ్గి డిఫ్యూజన్‌కీ (అణువులు వాటంతటవే వ్యాపించడం), ద్రవాలకీ, రసాయన బంధాల శక్తికీ చోటు పెరిగింది. జీవకణంలో నడిచే ఫిజిక్స్ అదే కదా.

రెండో సంగతి, ఎలా చెప్పాలన్నది. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్‌కి జరిగింది ఫిజిక్స్ చెప్పేవాళ్ళందరికీ తెలుసు. కిర్కాఫ్ సూత్రాలతో సర్క్యూట్ లెక్క చకచకా చేసేసిన పిల్లలే, స్విచ్ వేస్తే ఏ బల్బు వెలుతురు పెరుగుతుంది అని అడిగితే తడబడ్డారు. తర్వాత ఆయన క్లాసులో ప్రశ్న వేసి, ఒక్కొక్కరితో జవాబు పెట్టించి, పక్కవాడితో వాదించుకోమని, మళ్ళీ జవాబు అడిగే పద్ధతికి మారాడు. 1998లో రిచర్డ్ హేక్ 62 ఫిజిక్స్ కోర్సుల్లో, కోర్సుకి ముందూ తర్వాతా పెట్టిన కాన్సెప్ట్ టెస్టుల్లో 6,542 మంది ఫలితాలు పోగుచేశాడు. లెక్చరు మాత్రమే ఉన్నచోట, నేర్చుకోవడానికి మిగిలిన దాంట్లో సగటున 23 శాతం నేర్చుకున్నారు, పిల్లల్ని మాట్లాడించిన చోట 48 శాతం.

మూడులాంతర్ల_మాస్టారు:
ఆ హేక్ గారి లెక్క నేనూ చదివాను. ఆ కోర్సుల వివరాలు చాలావరకు ఆ మాస్టర్లే స్వయంగా పంపినవి. ఫలితం బాగా వచ్చినవాడు పంపుతాడు, రానివాడు ఊరుకుంటాడు. అది కూడా చెప్పాలి కదా బాబూ.

డెట్రాయిట్_చీపురుపల్లి:
నిజమే మాస్టారూ, అది దాని లోపమే, ఆయనా దాచలేదు. కానీ లెక్చరు కోర్సులు పద్నాలుగూ కిందే ఉండిపోయాయి, ఒక్కటీ పైకి లేవలేదు. మంచి ఫలితాలే ఏరి పంపారనుకుంటే అది ఇంకా ఆలోచించాల్సిన విషయం.

మూడులాంతర్ల_మాస్టారు:
సరే. దీని మీద నేను పడుకుని ఆలోచిస్తాను.

ఉద్దానం_కుర్రాడు:
కవిటి మండలం. బీఎస్సీ అయ్యాక డయాలసిస్ టెక్నీషియన్ కోర్సు చేశాను. మా ఉద్దానం సంగతి చెప్పక్కర్లేదు, వీధికి ఒకరిద్దరు కిడ్నీ జబ్బు వాళ్ళుంటారు. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ వచ్చింది, అంతకుముందు చాలామంది విశాఖ పరిగెత్తాల్సి వచ్చేది.

డెట్రాయిట్ అన్న డిఫ్యూజన్ అన్నారు కాబట్టి చెప్తున్నా. డయాలైజర్ అంటే రక్తాన్ని వడపోసే, చేతిలో పట్టే ప్లాస్టిక్ గొట్టం. లోపల జుట్టులాంటి బోలు దారాలు సుమారు పదివేలు, ఒక్కోదాని లోపలి వ్యాసం దాదాపు 200 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), పొడవు జానెడు. దారాల్లోంచి రక్తం, బయట నుంచి డయాలిసిస్ ద్రవం ఎదురు దిశలో పోతాయి. మాకు ట్రైనింగ్‌లో ఎదురెదురు పోతాయి అని చెప్పి వదిలేశారు. ఎందుకని అడిగితే డిజైన్ అలాగే ఉంటుంది అన్నారు. ఒకవైపే పోతే మధ్యలోనే రెండుపక్కలా యూరియా గాఢత సమానమైపోయి వడపోత ఆగిపోతుంది, ఎదురుగా పోతే గొట్టం పొడవునా తేడా నిలబడుతుంది. ఇది ఒక గ్రాఫ్ గీస్తే ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం.

మీ క్లాసులో ఈ లెక్క ఇవ్వండి సార్: పదివేల దారాలు, వ్యాసం 200 మైక్రాన్లు, పొడవు పాతిక సెంటీమీటర్లు, లోపలి వైశాల్యం మొత్తం ఎంత? ఒకటిన్నర చదరపు మీటర్ల పైచిలుకు వస్తుంది. చేతిలో పట్టే గొట్టంలో చాపంత జాగా దాచారు. మా వైపు పిల్లలు క్లాసులో ఒకళ్ళైనా ఉంటారు, వాళ్ళ ఇంట్లోనే మనిషి వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు దాని పక్కన పడుకుని ఉంటాడు. కాకపోతే వాళ్ళని లేపి మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని మాత్రం అడగకండి. ఒక మేడమ్ అలా అడిగితే మా ఫ్రెండు తర్వాత ఆ క్లాసుకి రావడం మానేశాడు.

నాగావళి_గట్టు:
చివరి మాట గుర్తుపెట్టుకుంటాను తమ్ముడూ.

డిఫ్యూజన్ మీద రాత్రి కూర్చుని కొన్ని అంకెలు వేశాను. నీళ్ళలో ఆక్సిజన్ డిఫ్యూజన్ కోఎఫిషియెంట్ సెకనుకి సుమారు 2 ఇంటూ 10 పవర్ మైనస్ 9 చదరపు మీటర్లు. దూరం వర్గాన్ని దానికి రెట్టింపుతో భాగిస్తే పట్టే సమయం ఉజ్జాయింపుగా వస్తుంది. పది మైక్రాన్లకి, అంటే ఒక కణం అంత దూరానికి, సెకనులో నలభయ్యో వంతు. ఒక మిల్లీమీటరుకి నాలుగు నిమిషాలు. ఒక సెంటీమీటరుకి ఏడు గంటలు. ఇక్కడితో ఆపితే, మనకి గుండే రక్తనాళాలూ ఎందుకు కావాలో, బాక్టీరియాకి ఎందుకు అక్కర్లేదో మైక్రోబయాలజీ వాళ్ళకి అర్థమవుతుంది. అదే లెక్క ఒక మీటరుకి చేస్తే దాదాపు ఎనిమిదేళ్ళు వస్తుంది! మీటరు లోతు రొయ్యల చెరువు నీళ్ళు నిజంగా కదలకుండా ఉంటే పైన ఆక్సిజన్ అడుక్కి చేరడానికి పట్టే సమయం అది. ఏరేటర్ తెడ్లు రాత్రంతా ఎందుకు కొట్టుకుంటాయో ఆక్వా పిల్లలకి వేరే చెప్పక్కర్లేదు, వాళ్ళలో కొందరు కరెంటు పోతే అర్ధరాత్రి లేచి జనరేటర్ వేసేవాళ్ళే.

దీన్నిబట్టి నాకు ఒకటి తోస్తోంది. మేజర్‌కి ఒక అప్లికేషన్ చొప్పున అతికించడం దండగ. వాళ్ళ కోసం వీళ్ళు, వీళ్ళ కోసం వాళ్ళు ఓపిక పట్టి కూర్చోవడమే అవుతుంది. అలా కాకుండా ఒకే సంబంధాన్ని పట్టుకుని సైజు మార్చుకుంటూ పోతే, ఎవరి సైజు దగ్గర వాళ్ళు ఆగి అది మాదే అంటారు. దూరం పదింతలైతే కాలం వందింతలు. ఇక్కడ కావలసిన లెక్కల పరిజ్ఞానం నిష్పత్తులూ ఘాతాలూ, అంతే. అవి పదో తరగతివే.

కొత్తవలస_కోడ్:
సూపర్ సార్. ఇదే డిఫ్యూజన్ మా పిల్లలకి రాండమ్ వాక్. నాణెం ఎగరేసి కుడికో ఎడమకో ఒక అడుగు, వెయ్యిసార్లు లూప్. ఇరవై లైన్ల ప్రోగ్రాం. స్టాటిస్టిక్స్ వాళ్ళని ఆ ఫలితాల వేరియన్స్ (అవి ఎంత చెదిరాయో చెప్పే కొలత) గీయమనండి, అడుగుల సంఖ్యతో సరళరేఖలో పెరుగుతుంది. ఇక వర్గం ఎక్కడి నుంచి వచ్చిందో మీరు విడిగా చెప్పక్కర్లేదు. మాస్టారూ, ఇది డెరివేషనేనా?

మూడులాంతర్ల_మాస్టారు:
నన్ను ఆటపట్టిస్తున్నారు గానీ, అవును, ఒప్పుకుంటాను. నేను అంటున్నది కూడా అదే, ఏదో ఒక దారిలో ఎందుకు అన్నది కనపడాలి. కానీ నా భయం ఇంకోటుంది. డిఫ్యూజన్, ద్రవాలు, సెంట్రిఫ్యూజ్ అని అన్నీ బయాలజీ వైపు ఒరిగిపోతే ఆ మూల బెంచీలో ఫిజిక్స్ మేజర్ల గతేమిటి? వాళ్ళకి ఇదే మొదటి సెమిస్టర్. వాళ్ళకి కూడా ఇందులో బరువైన పని ఉండాలి.

ఇంజనీరింగ్_ఫిజిక్స్:
మాస్టారు సరిగ్గా పట్టుకున్నారు. ఒకే ప్రశ్నలో మెట్లు పెట్టాలి. ఉదాహరణకి నాగావళికి వరద వచ్చినప్పుడు నీళ్ళు ఎర్రగా బురదగా వస్తాయి కదా, ఆ మట్టి ఎంతసేపట్లో కిందికి దిగుతుంది? స్టోక్స్ సూత్రం: చిన్న రేణువు ద్రవంలో దిగే వేగం దాని వ్యాసార్థం వర్గంతో పెరుగుతుంది. పది మైక్రాన్ల వ్యాసార్థం ఉన్న రేణువు సెకనుకి సుమారు 0.36 మిల్లీమీటర్లు దిగుతుంది, మీటరు దిగడానికి ముప్పావు గంట. ఒక మైక్రాన్ వ్యాసార్థం ఉన్న బంకమట్టి రేణువుకి దానికి వంద రెట్లు, అంటే మూడు రోజుల పైన. అందుకే వరద తగ్గినా బిందెలో నీళ్ళు తేటపడవు. పటిక వేస్తే రేణువులు ఒకదానికొకటి అంటుకుని పెద్దవై దిగిపోతాయి. పాతకాలంలో కుండ లోపల ఇండుపగింజ అరగదీసేవారు, అదీ ఈ పనే చేస్తుంది.

ఇప్పుడు మెట్లు: అందరూ నిష్పత్తి లెక్క చెయ్యాలి. కెమిస్ట్రీ ఇష్టమైనవాళ్ళు పటిక ఎందుకు పనిచేస్తుందో రాయాలి. కంప్యూటర్స్ వాళ్ళు రేణువు వేగం అడుగడుగునా ఎలా పెరిగి స్థిరపడుతుందో లూప్ రాసి గ్రాఫ్ తియ్యాలి. ఫిజిక్స్ మేజర్లు బలాల సమతూకం నుంచి సూత్రం సాధించి, ఆ సూత్రం ఎంత పెద్ద రేణువు దాకా నిలబడుతుందో రెనాల్డ్స్ నంబరుతో (ప్రవాహంలో జడత్వానిదా, జిగటదా పైచేయి అని చెప్పే సంఖ్య) చెప్పాలి. గులకరాయికి ఇదే సూత్రం వాడితే పిచ్చి జవాబు వస్తుంది, ఆ పిచ్చి జవాబు వాళ్ళతోనే తెప్పించాలి.

సెంట్రిఫ్యూజ్_అమ్మాయి:
అయ్యో ఇది నా లెక్కతో కలుస్తోంది! పది సెంటీమీటర్ల ట్యూబులో ఒక మైక్రాన్ మట్టి నిలబెట్టి ఉంచితే దిగడానికి ఏడున్నర గంటల పైన పడుతుంది. దాన్నే 1000 జీ దగ్గర తిప్పితే అర నిమిషం లోపే. మా ల్యాబులో రోజూ చేసే పని ఇదే, నాగావళి బురద అని ఎప్పుడూ అనుకోలేదు.

ఎచ్చెర్ల_సెకండియర్:
స్టూడెంట్‌ని. అందరూ చాలా బాగా చెప్తున్నారు, కానీ ఒక మాట అడగొచ్చా? ఇదంతా పరీక్షలో వస్తుందా? ఎందుకంటే మా సీనియర్లు పాత క్వశ్చన్ పేపర్లు ఇచ్చి ఇవి చూసుకో చాలు అంటారు, క్లాసులో ఎంత బాగా చెప్పినా చివరికి ఎస్సే క్వశ్చన్లు అవే వస్తాయి. క్లాసులో మట్టి గురించి చెప్పి పరీక్షలో సింపుల్ హార్మోనిక్ మోషన్ లక్షణాలు రాయండి అంటే మేము ఏది చదవాలి? పైగా టెన్షన్. ల్యాబు కూడా అంతే, సీనియర్ రికార్డు చూసి రీడింగ్స్ వేసేస్తాం, ఎక్స్‌టర్నల్ వచ్చి సంతకం చేసి వెళ్ళిపోతారు.

ఇంజనీరింగ్_ఫిజిక్స్:
ఇంత చర్చలో అసలు మాట చెప్పింది మీరే. సిలబస్ అంటే క్వశ్చన్ పేపరే, మిగతాదంతా మనం చెప్పుకునేది.

బొబ్బిలి_తీగ:
హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. కాపీ కొట్టలేని ల్యాబు కావాలంటే ఎవరి కొలత వాళ్ళకే వచ్చేది పెట్టాలి. మా దగ్గర గొల్లపల్లిలో వీణలు చేస్తారు, బొబ్బిలి వీణ అంటే తెలియనివారు లేరు. వీణకి 24 మెట్లు, స్థాయికి పన్నెండు. సమానంగా పంచితే ఒక్కో మెట్టుకి పౌనఃపున్యం 1.06 రెట్లు పెరగాలి. 80 సెంటీమీటర్ల తీగైతే మొదటి మెట్టు నాలుగున్నర సెంటీమీటర్ల దగ్గర రావాలి. కానీ పనివాళ్ళు కాలిక్యులేటర్‌తో పెట్టరు, చెవితో సరిచూసుకుని మైనంలో కూర్చుతారు. పిల్లలు నిజం వీణ మీద స్కేలు పెట్టి కొలిచి, లెక్కకీ చెవికీ ఎక్కడ తేడా వచ్చిందో గ్రాఫ్ గీస్తే, ఒక వీణకి వచ్చినట్టు ఇంకో వీణకి రాదు. సోనోమీటర్ రికార్డు కాపీ కొట్టొచ్చు, ఇది కొట్టలేరు.

అరసవల్లి సూర్యదేవాలయం సంగతి కూడా చెప్పనా? మార్చి రెండో వారంలో, మళ్ళీ అక్టోబర్ మొదట్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి కదా. మార్చిలో విషువత్తుకి (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) పది రోజుల ముందు, అక్టోబర్‌లో విషువత్తుకి పది రోజుల తర్వాత. రెండుసార్లూ సూర్యుడు భూమధ్యరేఖకి దక్షిణంగా సుమారు నాలుగు డిగ్రీల దగ్గరే ఉంటాడు. అందుకే ఏడాదికి రెండుసార్లు. గుడికెళ్ళి పేపర్లో ఫొటో చూసి వదిలేసేవాళ్ళకి ఇది ఒక్క క్లాసు.

కొత్తవలస_కోడ్:
ఫోన్లు కూడా వాడుకోండి. ఫైఫాక్స్ అని జర్మనీలో ఆకెన్ యూనివర్సిటీ వాళ్ళు చేసిన ఉచిత యాప్ ఉంది, ఫోన్‌లో ఉండే యాక్సిలరోమీటర్ రీడింగ్స్ నేరుగా గ్రాఫ్‌గా చూపిస్తుంది. ఆర్టీసీ బస్సులో ఎచ్చెర్ల దాకా ఫోన్ ఒళ్ళో పెట్టుకుని రికార్డ్ చేసి, డ్రైవర్ ఎక్కడెక్కడ బ్రేక్ కొట్టాడో గ్రాఫ్ చూసి చెప్పమనండి. ఒకరి గ్రాఫ్ ఇంకొకరు ఇవ్వలేరు, బస్సులు వేరు, డ్రైవర్లు వేరు.

నాగావళి_గట్టు:
ఫోన్ లేని పిల్లలు నాకు ఇంకా ఉన్నారు సార్, అందుకే జంటలుగా పెడతాను.

నా డ్రాఫ్ట్ ఇలా వచ్చింది, చీల్చి చెండాడండి. మొదటి మూడు వారాలు కొలతలు, నిష్పత్తులు, లాగ్ గ్రాఫ్, అది కూడా వీణ మెట్లతోనే. తర్వాత బలాలు, స్టోక్స్, సెంట్రిఫ్యూజ్, నాలుగు వారాలు, ఇది కోర్సుకి వెన్నెముక. తర్వాత ద్రవాలు, పాయిజెల్ (సన్న గొట్టంలో ద్రవం పారే సూత్రం), డిఫ్యూజన్, డయాలైజర్. తర్వాత శక్తి, ఉష్ణం. చివర్న కాంతి, మైక్రోస్కోప్ దాకా. ప్రక్షేపకాలు, కప్పీలు, జడత్వ భ్రామకం, అయస్కాంతత్వం మొత్తం తీసేశాను. కరెంటు ఒక్క వారమే ఉంచాను, అదే నాకు కాస్త ముల్లులా గుచ్చుకుంటోంది. పరీక్షలో సగం మార్కులు ఎప్పుడూ చూడని పరిస్థితి ఇచ్చి, ఏది ఎన్నింతలు మారుతుందో కారణంతో రాయమనే ప్రశ్నలకి. ఫార్ములాల కాగితం మేమే ఇస్తాం, కాబట్టి బట్టీకి పని లేదు. కాలిక్యులస్ పేరు ఎత్తను, కానీ వాలు అంటే రేటు, గ్రాఫ్ కింద వైశాల్యం అంటే మొత్తం, ఈ రెండూ ప్రతి యూనిట్లో వస్తాయి.

డెట్రాయిట్_చీపురుపల్లి:
ఒక సూచన: సెమిస్టర్ మొదట్లో ఒకసారి, చివర్న ఒకసారి అదే కాన్సెప్ట్ టెస్ట్ పెట్టండి, మార్కులు వెయ్యకుండా. బలం, చలనం మీద అవగాహన చూసే ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ అనే టెస్టు 1992 నుంచి వాడుతున్నారు, 30 ప్రశ్నలు. మీరు తీసేసిన టాపిక్స్ కొన్ని అందులో ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నలు వదిలేసి చూసుకోండి. లేకపోతే రెండేళ్ళ తర్వాత ఎవరైనా ఈ కోర్సు వల్ల ఒరిగిందేమిటి అంటే చూపించడానికి ఏమీ ఉండదు.

ఉద్దానం_కుర్రాడు:
కరెంటు ఒక్క వారం అంటే తక్కువే సార్. డయాలసిస్ మెషీన్ ద్రవం సరిగ్గా కలిసిందో లేదో కండక్టివిటీతోనే (కరెంటు ఎంత సులువుగా పారుతుందో చూసి) కనిపెడుతుంది. అయాన్లూ కరెంటూ అక్కడ కలపొచ్చు, డిఫ్యూజన్ యూనిట్లోనే.

నాగావళి_గట్టు:
అయితే కరెంటు సమస్య తీరినట్టే, ఉప్పునీటి కండక్టివిటీ ల్యాబుతో మొదలుపెడతాను.

మాస్టారూ, ఎక్స్‌టర్నల్‌గా ఒక మోడల్ పేపర్ మీరే చూడాలి. ఒక ప్రశ్న ఇక్కడ పెడుతున్నా: సెలైన్ సూదిని తీసి లోపలి వ్యాసార్థం అందులో సగం ఉన్న సూది పెట్టారు. నిమిషానికి మునుపు వెళ్ళినంత ద్రవమే వెళ్ళాలంటే ఒత్తిడి తేడా ఎన్ని రెట్లు పెంచాలి? నిజంగా అలా చెయ్యడం ఎందుకు కష్టమో రెండు వాక్యాల్లో రాయండి.

మూడులాంతర్ల_మాస్టారు:
ప్రవాహం వ్యాసార్థం నాలుగో ఘాతంతో మారుతుంది కాబట్టి పదహారు రెట్లు. ప్రశ్న బాగుంది, చూస్తాను, పంపించు. కానీ సూదుల పొడవు సమానమని రాయలేదు, ద్రవం అదేనని రాయలేదు. అవి రాయకుండా పేపరు ప్రింటుకి వెళ్ళిందంటే క్లాసు మొత్తం రీవాల్యుయేషన్‌కి పెట్టుకుంటారు, వాళ్ళ తరఫున నేనే వస్తాను.

నాగావళి_గట్టు:
రాశాను మాస్టారూ. మెయిల్‌లో మిగతా తొమ్మిదీ పంపిస్తున్నా.